మసి లేని కుండ

అరణిపుర రాజ్యానికి ఉత్తరాన మసికొండ ఉంది. ఆ కొండ మీద ఆకాశం కనిపించదు. నల్లటి పొగమేఘం ఒకటి, గుంజకు కట్టేసిన ఏనుగులా, శిఖరం చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దాని పొట్టలో అప్పుడప్పుడూ ఎర్రటి మెరుపు కదులుతుంది గానీ ఉరుము వినిపించదు. చరియల్లో గడ్డి మొలవదు. పక్షి వాలదు. వాన కురిస్తే ఆ నీళ్ళు కాటుకలా జారి కింద పొలాలను చంపేస్తాయి. ఆ కొండ కడుపులోని నల్లరాతి గుహలో కాలధూముడనే మాంత్రికుడు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటాడు. అతనికి కళ్ళతో పని లేదు. రాజ్యంలో ఏ మూల ఏ పుల్ల కాలినా ఆ పొగ సన్నని దారంలా సాగి అతని ముక్కుకు చేరుతుంది. చేరిన మరుక్షణం మేఘంలోంచి ధూమసర్పం విడిపోయి, ఆ దారం పట్టుకునే కిందికి దిగుతుంది. పొగ పుట్టిన చోట నోరు తెరుస్తుంది. ఆ తర్వాత అక్కడ బూడిద తప్ప ఏమీ మిగలదు.

అందుకే ఆ రాజ్యంలో పొయ్యిలు ఆరిపోయి ఏళ్ళయింది. జనం నానబెట్టిన గింజలు నములుతారు. చేపలను ఉప్పులో ఊరేసి పచ్చిగానే తింటారు. బాలింతలకు చన్నీళ్ళే దిక్కు. శవాలను పూడ్చడమే గానీ కాల్చడం లేదు.

ఉప్పు తోలుకుని బతికే సింగన భార్య నాగసాని, బిడ్డకు జ్వరం వస్తే కాస్త జావ కాచుదామని ఒకనాడు రెండు పుల్లలు ముట్టించింది. ఉప్పు బస్తాల ఎద్దులు తోలుకుని సింగన ఇల్లు చేరేసరికి పెరటి పొయ్యి దగ్గర బూడిద ఉంది. బూడిదలో మెట్టెలున్నాయి. అతను మెట్టెలు ఏరి మొలలో దోపుకున్నాడు. ఆనాటినుంచి ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆ బిడ్డ, కొమ్మి, ఇప్పుడు ముందుగదిలో నులకమంచం మీద పడుకుని ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. దాని కాళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. తాకితే పొడి రాలుతోంది. నెల కిందట పాదాల దగ్గర మొదలైన బూడిద ఈ ఉదయానికి నడుము దాటింది. గుండెకు చేరితే అయిపోయినట్టే.

అందుకు కారణమైనవాడు గొడ్లచావిట్లో పేడ తొక్కుతున్నాడు.

అతను రణధవళుడు. మాంత్రికుడు చెరపట్టిన రాజుకు ఒక్కడే కొడుకు. పసితనంలోనే పొరుగుదేశానికి తరలిపోయి, అక్కడ కత్తి నేర్చి, తండ్రిని విడిపిస్తానని గేదెల బేరగాడి వేషంలో తిరిగి వచ్చాడు. పొరుగుదేశంలో నిప్పంటే ఎవరికీ భయం లేదు. ఆ అలవాటు కొద్దీ ఊరి బయట నాలుగు పుల్లలు పేర్చి దుంపలు కాల్చుకున్నాడు. సర్పం దిగింది. పక్కనే మేకలు కాస్తున్న కొమ్మి అతన్ని ఒక్క తోపు తోసింది. సర్పం కాటు తప్పింది. దాని ఊపిరి మాత్రం ఆ పిల్ల పాదాలకు తగిలింది.

“ఇంకా తొక్కాలా, సింగన్నా?” అన్నాడు రాకుమారుడు.

“కాలికి గడ్డిపోచ తగిలినంతసేపూ తొక్కాలి.”

“మా గురువుగారు ఈ విద్య నేర్పలేదు.”

“దుంపలు కాల్చడం నేర్పినట్టున్నాడు.”

రాకుమారుడు పేడలో కాలు దింపి మళ్ళీ తొక్కసాగాడు. నెల్లాళ్ళు కొండలూ లోయలూ పడి తిరిగి నీలవేరు తెచ్చాడు. ఆ వేరు కోసం భుజం మీద పులిపంజా దెబ్బ కూడా తిన్నాడు. సింగన వేరు తీసుకున్నాడు గానీ దెబ్బ సంగతి అడగలేదు.

ఆ పిల్లకు నీలవేరే మందని చెప్పి అతన్ని పంపిన సన్న్యాసిని అప్పుడే ఒక కట్టడి కూడా చెప్పింది. మట్టికుండలో నీళ్ళు పోసి, వేరు వేసి, పొద్దు నడినెత్తికి వచ్చింది మొదలు గుంకేదాకా మరిగించాలి. నడుమ ఒక్కసారి మరుగు ఆగిందా, మందు విషమవుతుంది. మళ్ళీ కాచడానికి వేరు లేదు.

పొగ లేకుండా అంతసేపు మంట కావాలి. ఆ మంట కోసమే, రాకుమారుడు కొండల్లో ఉన్న నెల్లాళ్ళూ సింగన గొయ్యితో కుస్తీ పట్టాడు.

దక్షిణాన రొంపిసీమకు ఉప్పు తోలే రోజుల్లో అతను అక్కడి పొయ్యిలు చూశాడు. అక్కడ చెట్టు లేదు, పుల్ల లేదు. ఉన్నది బురదా గేదెలే. పేడను నీళ్ళలో కలిపి గోతిలో పోసి, గాలి చొరకుండా మూత బిగించి మురగబెడతారు. లోపల పేడగాలి పుడుతుంది, రోజూ కాస్త మెత్తగా తొక్కిన పేడ పోస్తుంటే ఆగకుండా పుడుతుంది. దాన్ని వెదురుగొట్టంలో లాగి ముట్టిస్తే నీలంగా మండుతుంది. పొగ ఉండదు.

సింగన గొడ్లచావిడి మూల గొయ్యి తవ్వి, బంకమట్టితో మెత్తాడు. రాచవంటశాల పెరట్లో పడి ఉన్న పెద్ద రాగికాగు తెచ్చాడు. నిప్పులేని రాజ్యంలో కాగులకు పనేముంది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. దాన్ని పేడనీళ్ళ మీద బోర్లించాడు. నెత్తిన బెజ్జం చేసి వెదురుగొట్టం దిగేశాడు. గొట్టాన్ని నేల కిందుగా వెనకగదిలోకి తెచ్చి, అతుకులన్నిటికీ మైనం, పనసబంక మెత్తాడు. మొదటిసారి నిండిన గాలి మండదు కాబట్టి వదిలేశాడు. తర్వాత లోపల గాలి పుట్టేకొద్దీ కాగు దానంతటదే పైకి లేచింది, పడుకున్న గేదె లేచినట్టు. పైన బండరాయి పెట్టాడు. కాగు చాలకపోతే ఆదుకుంటుందని ఒక పెద్ద తోలుతిత్తి నిండా కూడా గాలి పట్టి మూతి కట్టాడు.

నిన్న మంట పరీక్ష చూశారు. సింగన అత్త, నాగసాని తల్లి పోలమ్మ కొత్తకుండ పెట్టి జావ కాచింది. ఆ ఇంట్లో వేడిజావ చూసి ఆమె ఏడ్చింది. రాకుమారుడు తిత్తి మూతి దగ్గర చెకుముకి కొట్టి సగం మీసం కాల్చుకున్నాడు. కాలిన మీసం పొగ దారంలా లేచి నీలిమంట మీదుగా పోబోయి, మంటలో పడి మాయమైంది. ముగ్గురూ నిలబడి చూశారు.

“పొగను కూడా తింటుంది ఇది,” అన్నాడు రాకుమారుడు మీసం తడుముకుంటూ.

“మిగతా సగం మీసం కూడా పెట్టు నాయనా, తింటుందేమో చూద్దాం,” అంది పోలమ్మ.

పొద్దు నడినెత్తికి వచ్చింది.

సింగన వెనకగది కప్పు మీద తాటాకు పీకేశాడు. ఎండ నిలువుగా పొయ్యి మీద పడింది. చీకట్లో నీలిమంట ఆమడ దూరం కనిపిస్తుంది. నడి ఎండలో చెయ్యి పెడితే తప్ప తెలియదు. పోలమ్మ బంకమట్టి అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంటూ మందుకుండ తెచ్చి పొయ్యి మీద పెట్టింది. చెకుముకి రవ్వ రాలింది. బుస్సున చిన్న చప్పుడు. కుండ అడుగు వేడెక్కింది, నీళ్ళు మరిగాయి. నీలవేరు వాసన, తడిసిన ఇనుము వాసన లాంటిది, గది నిండింది.

సింగన కుండ ముందు కూర్చున్నాడు. రాకుమారుడు చావిట్లో కాగు దగ్గర కూర్చున్నాడు. కాగు దిగేకొద్దీ ఒక్కొక్క రాయి పెంచాలి, లేకపోతే మంట నీరసిస్తుంది.

పొద్దు తాటితోపు వైపు వాలుతుండగా గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది.

వచ్చినవాళ్ళు మసిచూపర్లు. మాంత్రికుడి ముక్కుకు అందనిది ఏమైనా ఉంటే వీళ్ళ వేళ్ళకు అందాలి. ఇంటింటికీ తిరిగి దూలాలు తడుముతారు, కుండల అడుగులు తిప్పి చూస్తారు. మసి కనిపిస్తే చాలు. మెడలో నల్లతాయెత్తు ఉంటుంది కాబట్టి సర్పం వీళ్ళ జోలికి రాదు, కట్టుకున్నవాడు చస్తే ఆ తాయెత్తూ పొడైపోతుంది. నిప్పు ఉంచుకునే హక్కు కూడా వీళ్ళొక్కరికే. నాయకుడి జీనుకు నిప్పుకణికల కుండ వేలాడుతుంటుంది. అందులో గుప్పెడు గుగ్గిలం వేస్తే పొగ లేస్తుంది. పొగ లేచిన ఇంటికి సర్పం వస్తుంది.

నాయకుడు జగ్గప లావుపాటి మనిషి, నవ్వుమొహం. వెంట ఇద్దరు ఈటెగాళ్ళు. నిప్పుకుండను జీను నుంచి విప్పి చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి. పోలమ్మ అడ్డం నిలబడి ఉంది.

సింగన వెనకగది తడిక సందులోంచి చూశాడు. కుండ వదిలి కదలలేడు.

“ఏంటవ్వా, వేపమండలు?”

“పిల్లకు అమ్మవారు పోసింది నాయనా. లోపలికి రావద్దు.”

ఈటెగాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. జగ్గప కూడా గడప దాటలేదు.

“సరే. కుండలు నువ్వే తెచ్చి వాకిట్లో బోర్లించు. చూసుకుని పోతాం.”

“ఆరిన పొయ్యి ఇంట్లో ఏం చూస్తావు నాయనా?”

“నా ఉద్యోగం చూస్తాను. తే.”

పోలమ్మ కుండలన్నీ ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో బోర్లించింది. నిన్న జావ కాచిన కుండ కూడా తెచ్చింది. నీలిమంటకు మసి లేదని ఆమెకు తెలుసు. సింగనకూ తెలుసు. జగ్గప నిప్పుకుండ కింద పెట్టి, తెల్లగుడ్డతో ఒక్కొక్క అడుగూ తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది.

“మీ ఇంటి కుండలకు పెళ్ళి చెయ్యొచ్చవ్వా, అంత శుభ్రంగా ఉన్నాయి.”

“మంచి సంబంధం చూడు మరి.”

జగ్గప నవ్వాడు. గుర్రం వైపు తిరిగాడు. అంతలో దాహమైంది కాబోలు, చేతికందిన కుండ తీసుకుని తొట్టిలో ముంచి గటగటా తాగాడు. అది జావకుండే. మిగిలిన నీళ్ళు పారబోస్తూ కుండను తిప్పాడు. తడిసిన అడుగును చూస్తూ ఆగిపోయాడు.

“అవ్వా, దీని అడుగున మట్టి పూశావు.”

“అలవాటు నాయనా. మసి పట్టకుండా.”

“మా అమ్మా పూసేది, పొయ్యిలున్న రోజుల్లో. మట్టి పూస్తే మసి దాని మీదే పడుతుంది. కడిగితే మట్టితోపాటే పోతుంది.” బొటనవేలు నీళ్ళలో ముంచి అడుగున రుద్దాడు. గోటితో గీకాడు. “పచ్చిమట్టి తడి తగిలితే కరుగుతుందవ్వా. ఇది కరగడం లేదు. నడుమ ఎర్రబడి ఉంది. మా అయ్య కుమ్మరి. కాలిన మట్టి ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?”

పోలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. కొత్తకుండ కనబడితే మట్టి పూయడం ఆ చేతులకు అత్తవారింట అబ్బిన అలవాటు. నిన్న పూశాయి. ఇవాళ మందుకుండకు కూడా పూశాయి. మసి లేని మంటకు మట్టెందుకని అవి అడగలేదు.

“ఎక్కడ మండింది మంట?” జగ్గప గొంతులో నవ్వు పోయింది. “మసి లేదు. పొగ లేదు. అయ్యగారికి తెలియని మంట ఈ కొంపలో ఎక్కడుంది?”

ఈటెగాడొకడు అమ్మవారి భయం మరిచి గడప మీద కాలు పెట్టాడు. గొడ్లచావిట్లోంచి పేడపార గాలిలో గిర్రున తిరుగుతూ వచ్చి వాడి మెడ మీద పడింది. పార వెనకాలే రాకుమారుడు దూకాడు. మోకాళ్ళ దాకా పేడ, గడ్డిలో దాచిన కత్తి చేతిలో. రెండోవాడు ఈటె సరిచేసుకునేలోపు కత్తి వాడి పక్కటెముకల్లో దిగింది. జగ్గప పోరాడలేదు. ఆ పని తనది కాదని అతనికి తెలుసు. నడుముకున్న గుగ్గిలం సంచి మొత్తం నిప్పుకుండలో బోర్లించి, గుర్రమెక్కి మసికొండ దారి పట్టాడు.

నల్లటి పొగ స్తంభంలా లేచింది.

రాకుమారుడు దాని మీద నీళ్ళు కుమ్మరించాడు. తడిసిన గుగ్గిలం ఇంకా చిక్కగా పొగ కక్కింది. ఉత్తరాన మసికొండ మీద మేఘం ఒళ్ళు విరుచుకుంది. దాని నడుము చీలింది. చీలికలోంచి ధూమసర్పం బయటికి వచ్చింది. తల గోపురమంత. పొలుసుకు పొలుసుకు మధ్య నిప్పుగీత. కళ్ళున్న చోట రెండు గుంటలు, గుంటల్లో తెల్లటి బూడిద సుళ్ళు. అది ఎగరలేదు. ఆకాశంలో నీళ్ళున్నట్టు ఈదింది. దాని నీడ పడిన చోటల్లా ఆకులు వాడి రాలాయి. కట్టేసిన గేదెలు పలుపులు తెంపుకుంటూ అరిచాయి.

రాకుమారుడు తడిక తోసుకుని వెనకగదిలోకి వచ్చాడు.

“తిత్తి ఇవ్వు సింగన్నా. దాని నోట్లో విసిరి ముట్టిస్తాను. నిన్న చూశాం గదా, పొగను తింటుంది.”

తిత్తి సింగన ఒళ్ళో ఉంది. పొద్దు ఇంకా తాటిచెట్ల తలల మీదే ఉంది. కుండ కింద బుస సన్నబడుతోంది.

“కాగు ఎంత దిగింది?”

“దాదాపు అడుగంటింది. తిత్తి ఇవ్వు.”

“ఇస్తే కుండ ఆగుతుంది.”

“ఇవ్వకపోతే ఇల్లే ఆగుతుంది. అందరం పోతాం.”

“ఇది నా బిడ్డ ప్రాణం. నీ చేతిలో నిప్పు ఒకసారి చూశాం, చాలు.”

రాకుమారుడి చెయ్యి కత్తి మీదకు వెళ్ళి ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైన ఆకాశం నల్లబడుతోంది.

గుమ్మంలోంచి పోలమ్మ ఇదంతా విన్నది. వాకిట్లోకి పోయి, కొంగు తడిపి చేతులకు చుట్టుకుని, పొగ కక్కుతున్న నిప్పుకుండను ఎత్తి చంకన పెట్టుకుంది, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు. తడిక దగ్గరికి వచ్చి ఒక్కక్షణం నిలబడింది.

“మరుగు తగ్గనీకు, అల్లుడా.”

“అత్తా,” అన్నాడు సింగన. లేవలేదు.

ఆమె పరిగెత్తింది. ఆ వయసులో అలా పరిగెత్తగలదని ఎవరూ అనుకుని ఉండరు. పొగ ఆమె వెనకాల జెండాలా సాగింది. ఇంటి మీద తెరుచుకున్న నోరు గాలిలో ఆగింది. మెల్లగా పక్కకు తిరిగింది. రాకుమారుడు కత్తి దూసి ఆమె వెనక పడ్డాడు. సర్పం తోక ఒక్క ఊపు ఊపితే కంచె మీద పడి, లేచి, మళ్ళీ పడ్డాడు.

కుండ కింద మంట బొట్టులా మిగిలింది. సింగన కాగుగొట్టాన్ని తడిగుడ్డతో బిగించి, తిత్తి మూతి గొట్టాన్ని పొయ్యికి తగిలించాడు. మంట లేచింది. అతను తిత్తిని రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని పొదుపుగా నొక్కసాగాడు. ఎక్కువ నొక్కితే ముందే అయిపోతుంది, తక్కువ నొక్కితే మరుగు ఆగుతుంది. పొలం వైపునుంచి ఒక అరుపు వినిపించింది. అది సగంలో ఆగింది. అతను తల తిప్పలేదు. కుండలో బుడగలనే చూశాడు.

ఎండ గోడ ఎక్కింది. గోడ మీదనుంచి కూడా పోయింది.

పొద్దు గుంకింది. సింగన కుండ దింపాడు. మందు కాకినీలం రంగులో ఉంది. చల్లార్చి, కొమ్మి తల ఎత్తి పట్టుకుని, గుక్కగుక్కగా పట్టాడు. పిల్ల దగ్గింది. ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. నడుము దగ్గర బూడిద పెచ్చులుగా లేచి రాలింది. కింద చర్మం పుండులా ఎర్రగా ఉంది, అయినా చర్మమే. తర్వాత తొడలు, మోకాళ్ళు. ఎడమకాలు చిటికెనవేలు మాత్రం బూడిదతోపాటే ఊడి పక్కమీద పడింది. మిగతావి కదిలాయి.

“అమ్మమ్మ ఏదీ?” అంది కొమ్మి.

“ముందు నడిచింది.”

రాకుమారుడు కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. పిల్ల కాళ్ళు చూశాడు. మొహం తుడుచుకున్నాడు. తర్వాత అతని కళ్ళు పొయ్యి పక్కనున్న తిత్తి మీద పడి అక్కడే నిలిచిపోయాయి. తిత్తి ఇంకా ఉబ్బెత్తుగా ఉంది.

“సగం మిగిలింది,” అన్నాడు.

సింగన తిత్తి మూతి బిగించి కట్టాడు. “చూశాను.”

“మొదటే సగం ఇచ్చి ఉంటే...”

“చూశానన్నాను.”

దూరాన మసికొండ మీద నగారా మోగింది. జగ్గప కొండ చేరి ఉంటాడు. పొగ లేని మంట ఒకటి ఉందని మాంత్రికుడికి తెలిసిపోయింది. తెల్లవారేలోగా ఊళ్ళో ప్రతి ఇంటి మీదా దండు పడుతుంది.

సింగన కొమ్మిని కంబళిలో చుట్టి పెద్దగేదె మీద కూర్చోబెట్టాడు. తిత్తిని తన వీపుకు కట్టుకున్నాడు. జావకుండను వాకిట్లోనే వదిలేశాడు.

“ఎక్కడికి?” అన్నాడు రాకుమారుడు.

“కొండకి. మన దగ్గరున్న మంటకు పొగ రాదు. వాడికి ముక్కే గానీ కళ్ళు లేవు.”

“నన్ను క్షమించావా, సింగన్నా?”

“లేదు. నడువు.”

మునిమాపు వెలుగులో పొలానికి అడ్డం పడ్డారు. దున్నిన చాళ్ళలో పోలమ్మ అడుగులు లోతుగా పడి ఉన్నాయి. ఆమె వాగు వైపు పోలేదు, తోపులోకీ పోలేదు. తిన్నగా మసికొండ వైపే పరిగెత్తింది, సర్పాన్ని వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోతున్నట్టు. అడుగులు దిబ్బ దాటి, అవతల పల్లంలోకి దిగాయి. దిబ్బ మీదికి వచ్చేసరికి గేదె ఆగిపోయింది. ఎంత అదిలించినా కాలు కదపలేదు.

పల్లంలో అడుగులు ఆగిన చోట బూడిద కుప్ప ఉంది. కుప్ప నడుమ నిప్పుకుండ పగలకుండా నిలబడి ఉంది. అందులో గుగ్గిలం ఇంకా కాలుతోంది. ఆ పొగ చుట్టూ ధూమసర్పం చుట్టలు చుట్టుకుని, కొండ దారి నిండా పరుచుకుని పడుకుని ఉంది. మెలకువగానే ఉంది. దిబ్బ మీది మనుషుల అలికిడికి తల ఎత్తింది. బూడిద సుళ్ళు వీళ్ళ వైపు తిరిగాయి.

కొమ్మి గేదె మెడ గట్టిగా పట్టుకుంది. రాకుమారుడు కత్తి దూశాడు.

“కత్తి లోపల పెట్టు,” అన్నాడు సింగన. “చెకుముకి తియ్యి.”

అతను వీపు మీది తిత్తిని ముందుకు లాక్కుని, మూతి ముడి విప్పుతూ, బూడిద కుప్ప వైపు దిగసాగాడు.